తపేలాకి సెక్షన్ లేదు

నరసన్నపేట కోర్టు వరండాలో
నా బల్లకి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక.
ఇరవై రెండేళ్లుగా దానిమీదే
మోటారు వాహనాల చట్టం
పేజీలు ఊడుతూ, బైండు మారుతూ
నాతోపాటే ముసలిదైంది.

హత్యలు శ్రీకాకుళం పోతాయి,
భూములు పెద్ద ప్లీడర్ల మేడలెక్కుతాయి.
పగిలిన లైట్లూ, వంగిన హ్యాండిళ్లూ, అద్దంలేని ఆటోలూ
దారి అడక్కుండా నా దగ్గరికొస్తాయి.

బుడితి నుంచి కింతలి తవిటయ్య వచ్చాడు.
నెత్తిన ఇత్తడి తపేలా,
గవద కింద తువ్వాలుతో రెండు ముళ్లు.
సంతకెళ్లే బండి మీద
అన్ని గిన్నెలకీ చోటు దొరికి
ఆ ఒక్కదానికే దొరక్క
తలమీద పెట్టుకున్నాడట.
హెల్మెట్ లేదని కేసు రాశారు.
"నేకపోడమేటి బావూ!
నా సేత్తో నాను కొట్టిన ఇత్తడది.
ఆల్ల పలాస్టిక్కు పగిలిపోద్ది,
ఇది సొట్టడితే మల్లీ కొట్టుకోవచ్చు."

చట్టం తిరగేశాను.
సిక్కుల తలపాగాకి మినహాయింపుంది,
తపేలా ఊసే లేదు.
ఔననీ లేదు, కాదనీ లేదు.
ప్లీడరుకి ఇంతకన్నా పండగేముంది?
శిరస్సును కాచేదే శిరస్త్రాణమని
కాస్త సంస్కృతం కూడా చిలకరించాను.
మేజిస్ట్రేటమ్మ కళ్లద్దాలు తీసి
పెన్సిలు తిరగేసి
తపేలాని ఒక్కసారి తాకారు.
ణంగ్‌మంది.
వెనక బెంచీల వాళ్లంతా లేచి నిలబడ్డారు
కోర్టు గంటనుకుని.

ముద్ర లేదని జరిమానా పడింది.
సాయంత్రం బెంచి గుమస్తా వచ్చి
పప్పుకి బాగుంటుందా, ధరెంత అని
గొంతు తగ్గించి అడిగాడు.

గేదెల సింహాచలం పెళ్లిలో తాగి
నాటుబండిలో వెల్లకిలా పడుకుంటే
ఎద్దులే జంక్షన్లో ఎడమకి తిరిగి
లారీకి దారిచ్చి
పోలీసు ఈలకి ఆగాయి.
తాగి నడిపాడన్నారు.
"నడిపిందెవరు?" అన్నాను.
కానిస్టేబుల్ రామ్మూర్తి నీళ్లు నమిలాడు.
"ఎద్దుల చేత ఊదించారా?"
దానికీ జవాబు లేదు.
నిజానికి ఆ బండికి మోటారే లేదు,
ఒక్క వాక్యంలో తేలిపోయే కేసు.
కానీ ఒక్క వాక్యానికి ఫీజెవరిస్తారు?

ఇక కిల్లి దాలమ్మ.
ఎండుచేపల మోపెడ్‌కి చలానా వచ్చింది:
గంటకి ఎనభయ్యారు కిలోమీటర్లు.
ఆ రోజు బండి చెడిపోయి
సోంపేట నుంచి లారీ మీద తాళ్లతో కట్టుకొచ్చారు.
ఫోటోలో తాళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.
కళ్లు మూసుకుని గెలవొచ్చన్నాను.
"వద్దు బావూ.
పన్నెండేల్లు తొక్కినాను, ముప్పయ్యి దాటనేదిది.
ఒక్కపాలైనా ఎనభయ్యారు ఎల్లింది.
డబ్బు కట్టేత్తాను గానీ
ఆ పోటో పెద్దది సేయించీండి."
ఫ్రేము నేనే కట్టించాను.

ఇంతా చెప్పి, ఒప్పుకోవాలి,
నాకు బండి నడపడం రాదు.
ఎనిమిది అంకె వెయ్యమంటే
మూడు వేసి పడ్డాను,
నేను మొన్ననే క్రాసు చేసిన ఇన్‌స్పెక్టరు ముందు.

నిన్న ఆఖరి బస్సు పోయింది.
"సిక్కోలే ఎల్తన్నాను, ఎక్కండి" అన్నాడు తవిటయ్య.
ఇప్పుడతనికి అసలు హెల్మెట్టుంది, ముద్రతో సహా.
వెనక కూర్చున్నవాడికీ ఒకటుండాలని
అతనికి చెప్పింది నేనే.
నవ్వకుండా సంచిలోంచి తీసిచ్చాడు
తపేలా.

మడపాం వంతెన మీద వంశధార గాలి.
టోల్‌గేటు దగ్గర రామ్మూర్తి టార్చి వేశాడు,
సెల్యూట్ కొట్టాడో, నుదురు కొట్టుకున్నాడో
అంచు కిందనుంచి కనబళ్లేదు.
తవిటయ్య ఏదో సెక్షన్ అడుగుతున్నాడు,
నేను చెబుతున్నాను.
ఇత్తడిలో నా మాట నాకే
రెండుసార్లు వినిపిస్తోంది.
రెండోసారి, ఎందుకో,
అంత నమ్మబుద్ధి కాలేదు.